అల్లుడు చెప్పిన లాంచీ

మా ఆడపడుచు భర్తది ఏన్కూరు. భద్రాచలం గురించి తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. మొన్న చలికాలంలో మేం పాపికొండల లాంచీ ఎక్కుదామనుకోగానే ఫోన్ చేశాడు. "గోదారొడ్డున లాడ్జి తీసుకోండ్రి చెల్లె. ముందురోజు పర్ణశాల చూడుండ్రి. పొద్దున మెట్లు దిగితే లాంచీ ఆడనే ఉంటది."

గది తాళమిస్తూ లాడ్జి మేనేజర్, "లాంచీ ఇక్కడ కాదమ్మా, పోచవరంల ఎక్కాలె. రెండు గంటల దారి, రేపు జల్దీ బయల్దేరుండ్రి" అన్నాడు.

మా అత్తయ్య అతన్ని కసిరింది. "మా అల్లుడు చెప్పిండు. నీకేమెరుక?"

మా ఇంట్లో అల్లుడి మాటకు ఎదురు చెప్పరు. ఇంత చదువుకుని నేనూ తాళం తీసుకుని గదికి నడిచాను.

మర్నాడు పిల్లలకు టోపీలు పెట్టి, పులిహోర డబ్బా పట్టుకుని, తొమ్మిదిన్నర దాకా స్నానఘట్టం మెట్ల మీద నిలబడ్డాం. చివరికి బట్టలు పిండుకుంటున్న ఒకామె జాలిపడి, "లాంచీ పోచవరంల ఎప్పుడో కదిలుంటది అక్కా" అంది. చుట్టూ స్నానాలు చేసేవాళ్లంతా నవ్వారు.

సాయంత్రం అల్లుడుగారి ఫోన్. "లాంచీ ఎట్లుంది అత్తమ్మా?"

"మంచిగుంది బిడ్డా" అంది మా అత్తయ్య, నా వంక ఉరిమి చూస్తూ.

జన్మలో లాంచీ ఎక్కని ఆ మనిషినే ఇప్పుడు చుట్టాలందరూ సలహా అడుగుతున్నారు. నమ్మకం లేకపోతే మమ్మల్ని అడగమంటున్నాడట.