పైకి అంటే పైకే

మా ఇంటి ఓనర్ అంకుల్ నిద్రలోనే పోయారని మంగళవారం పొద్దున ఆంటీ ఫోన్ చేశారు. హాలిఫాక్స్‌లో ఆయన బేస్‌మెంట్‌లో ఉండి చదువుకున్న తెలుగు పిల్లలం చాలామందిమే ఉన్నాం. సాయంత్రానికి అందరం ఆ ఇంటికి చేరాం. ఆయన గురించి తలా ఒకటి చెప్పుకున్నాం. నేను చెప్పుకున్నది మీకూ చెప్తాను.

నేను ఇక్కడికి వచ్చింది విమానాల నిండా విద్యార్థులు దిగుతున్న రోజుల్లో. గది దొరకడమే గగనం. అంకుల్‌ది కాకినాడ. టెక్సాస్ మీదుగా ఇక్కడికి వచ్చిన ఐటీ మనిషి. యాభై దాటాక స్కూబా డైవింగ్ నేర్చుకున్నారు. ఆయన డైవింగ్ సూటు మా బాత్రూంలో నల్లగా వేలాడుతూ ఉండేది. కొత్తగా చేరిన ప్రతివాళ్లూ దాన్ని చూసి ఒకసారి కెవ్వుమనేవాళ్లు. ఆంటీ విసుక్కుంటే, పిల్లలకి ధైర్యం రావాలి కదా అనేవారు.

మొదటి చలికాలం నేను గదిలోంచి కదలకపోవడం చూసి, నన్ను కూడా డైవింగ్ క్లాసులో చేర్పించారు. ఆయన చెప్పిన మొదటి పాఠం ఇది. నీళ్లలో జోడీలో ఎవరు బొటనవేలు పైకి చూపించినా, రెండోవాళ్లు వెంటనే వాళ్లతో పైకి బయల్దేరాలి. బయటికొచ్చాక ఎందుకని అడగకూడదు.

తీరానికి కొంచెం దూరంలో, ఎప్పుడో తుఫానుకి మునిగిపోయిన చిన్న చేపల పడవ ఉంది. గాలి తగ్గేదాకా వారాల తరబడి ఆగి, ఆ వేసవిలో దాని కోసం వెళ్లాం. పడవకి కట్టిన తాడు పట్టుకుని దిగుతుంటే చలికి పెదవులు మొద్దుబారాయి. కింద మసకలో పడవ ముక్కు లీలగా కనిపించింది. అంతే, నా గుండె జారిపోయింది. వేలు పైకి చూపించాను. ఆయన మరుక్షణం తిరిగారు. ఒడ్డుకొచ్చాక ఫ్లాస్కులోంచి మిరియాల చారు పోసిచ్చారు. నేను ఏదో సంజాయిషీ మొదలుపెట్టబోయాను.

"నేనేం అడగలేదుగా అమ్మా. చారు తాగు, చల్లారిపోద్ది," అన్నారు.

ఆ ఏడాది చివర్లో నా డేటా కోర్సు మానేశాను. నిద్ర లేదు, తిండి లేదు, పుస్తకం తెరిస్తే వణుకు. పుట్టినరోజు పార్టీల్లో, చర్చిలో, ఫోన్లలో అందరిదీ ఒకటే మాట, ఎందుకు మానేశావని. అంకుల్ మాత్రం తిన్నావా అని అడిగి, మానేస్తున్నట్టు కాగితాలు ఇవ్వడానికి కాలేజీకి తన కారులో తీసుకెళ్లారు. నాకు నచ్చజెప్పమని మా నాన్న ఆయనకే ఫోన్ చేశారు. ఆ జవాబు నేను పక్కనే ఉండి విన్నాను.

"మీ అమ్మాయి సిలిండర్లో గాలి ఉండగానే పైకొచ్చేసిందండీ. సంతోషించండి."

నాన్న చివరికి, సరే, జాగ్రత్తగా చూసుకోండి అన్నారు. ఈరోజు నేను వృద్ధుల హోంలో ఇష్టంగా పని చేసుకుంటున్నానంటే ఆ ఒక్క మాట చలవే. మరుసటి వేసవి పడవ దాకా దిగాను కూడా. ఇంజను ఉండాల్సిన చోట ఒక పెద్ద లాబ్‌స్టర్ కాపురం పెట్టింది. అంకుల్ దానికి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టారు. నవ్వాపుకోలేక నా మాస్కులోకి నీళ్లొచ్చాయి.

పోయిన సెప్టెంబరులో అదే తాడు మీద, పడవ ఇంకా కనబడకముందే, అంకుల్ వేలు పైకి లేచింది. తిరిగాను. ఒడ్డుకొచ్చాక ఆయన ముఖం పాలిపోయి ఉంది. సిలిండర్లు నేనే మోసి, ఇంటిదాకా నేనే డ్రైవ్ చేశాను. ఎందుకని అడగలేదు. ఆయన మళ్లీ నీళ్లలో దిగలేదు.

అడిగి ఉండాల్సిందా అన్న ప్రశ్న మంగళవారమంతా నన్ను తినేసింది. చివరికి ఆంటీతో అనేశాను. ఆవిడ నన్ను దగ్గరికి తీసుకున్నారు.

"మర్నాడే డాక్టర్ దగ్గరికి వెళ్లామమ్మా. మందులు వాడుతూనే ఉన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి నాతో ఏమన్నారో తెలుసా? పిల్ల ఒక్క మాట అడగలేదు, చెయ్యి మాత్రం వదల్లేదు అన్నారు. ఎంత సంతోషపడ్డారో."

అప్పటిదాకా నాకు ఆ చెయ్యి సంగతే గుర్తులేదు. పైకి వచ్చేటప్పుడు మధ్యలో కాసేపు ఆగాలి, ఒంట్లో చేరిన గ్యాస్ మెల్లగా పోవడానికి. ఆ రోజూ ఆగాం. ఆయన ఒక చేత్తో తాడు పట్టుకుని ఉన్నారు, ఇంకో చెయ్యి నా చేతిలో ఉంది. మా ఇద్దరి ఊపిరీ బుడగలై, కలిసిపోయి, వెలుతురు వైపు వెళ్తోంది. ఆయన తలెత్తి వాటినే చూస్తున్నారు.