ఆరో నంబరు రివాల్వర్

ఆర్విడ్ తోర్సన్ ఇరవై మూడేళ్లుగా ఒకే పని మీద ఉన్నాడు. మనిషన్నవాడి దగ్గర తప్పనిసరిగా ఉండాల్సిన రివాల్వర్లు ఏవో తేల్చడం ఆ పని. అవి సరిగ్గా ఆరు. "చక్రంలో తూటాలు ఆరు పడతాయి కాబట్టి అలమరలో రివాల్వర్లు కూడా ఆరే" అన్నది అతని సిద్ధాంతం. ఇందులో తర్కం ఎక్కడుందని అడిగిన వాళ్లకి మధ్యాహ్నం దాకా సమాధానం చెప్పేవాడు కనుక సేజ్ ఫోర్క్ ఊళ్లో ఎవరూ రెండోసారి అడగలేదు.

మొదటి అయిదూ ఒక్క చలికాలంలో తేలిపోయాయి. ఒకటి, చెయ్యి కుదురుకోవడానికి చిన్న తూటాది. రెండు, పాతకాలం పోలీసులు నడుముకు కట్టుకున్నది. మూడు, ప్రతిసారీ బొటనవేలితో వెనక్కి లాగి పేల్చాల్సిన పశువుల కాపరుల నాటిది. నాలుగు, పేలిస్తే భుజం దాకా అదిరే మాగ్నమ్. అయిదు, కోటు జేబులో పట్టే పొట్టి గొట్టంది. చిక్కంతా ఆరోదానితోనే వచ్చింది. దాన్ని నోటుబుక్కులో పెన్సిల్‌తో రాసేవాడు. నాలుగు నెలలకో, ఏడాదికో కొట్టేసి ఇంకోటి రాసేవాడు.

"డ్యాన్సులో కలిసిన తొమ్మిదో రోజున నన్ను పెళ్లాడతానన్నాడు ఈ మనిషి" అనేది అతని భార్య ఇంగా. "తొమ్మిది రోజులు! ఆరో నంబరు మీద పెట్టిన బుర్రలో వందో వంతు నా మీద పెట్టుంటే ఇద్దరం బాగుపడేవాళ్లం."

"నిన్ను కొట్టేయలేదుగా" అనేవాడు ఆర్విడ్.

"పెన్సిల్‌తో రాసుంటే తెలిసేది నీ సంగతి!"

రివాల్వర్ చేతికివ్వగానే అది ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసి, చక్రాన్ని మెల్లగా తిప్పుతూ చెవి దగ్గర పెట్టుకునేవాడు. డాక్టరు రొమ్ము మీద గొట్టం పెట్టి విన్నట్టు కళ్లు మూసుకుని వినేవాడు. ఒకసారి పళ్ల డాక్టరు దగ్గర దవడ సగం తిమ్మిరెక్కి ఉండగా, ఆ డాక్టరుకి తాతగారి రివాల్వరొకటి ఉందని తెలిసింది. నోట్లో దూదితోనే మాట్లాడడం మొదలెట్టాడు. ఏమంటున్నాడో అర్థంకాక డాక్టరు కంగారుపడి ఇంకో ఇంజెక్షన్ ఇచ్చాడు.

ఊరివాళ్లకి అంతుపట్టనిది అతని అభిరుచి. ఏటా వేసవిలో తిరునాళ్ల మైదానంలో తుపాకుల సంత జరుగుతుంది. అక్కడ ఓ పెద్దమనిషి నికెల్ పూతతో తళతళలాడే రివాల్వర్ని, దంతపు పిడితో సహా, మఖ్మల్ గుడ్డ మీద పెట్టి చూపించాడు. ఆర్విడ్ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "గడియారంలా ఉంది. కానీ తప్పనిసరి కాదు" అని తిరిగిచ్చేశాడు. ఆ పెద్దమనిషి మొహం కందగడ్డ అయింది. అదే రోజు తిరుగుదారిలో ఆర్విడ్ మెకానిక్ లెనీ రస్క్ ఇంటి ముందు ట్రక్కు ఆపి, కంచెకు మేకులు కొట్టడానికి లెనీ సుత్తిలా వాడే తుప్పు రివాల్వర్‌ను బతిమాలి మరీ పట్టుకెళ్లాడు. ఆరో నంబరు!

డార్లీన్ కాఫీ హోటల్లో వారం రోజులు అదే నవ్వు. సూప్ పేరు రాసే నల్లబల్ల మీద ఎవరో కింద "ఈ వారం ఆరో నంబరు: లెనీ సుత్తి" అని రాశారు. ఆర్విడ్ ఆ బల్ల చదివి, అక్షరదోషం దిద్ది, కాఫీ తాగి వెళ్లిపోయాడు.

అందరికంటే ఎక్కువగా నవ్వినవాడు హార్లన్ బీకర్. ఆర్విడ్ పొలం పక్కనే అతని పొలం, మూడొందల ఆవుల మంద. ఆర్విడ్ కంటే పదకొండేళ్లు చిన్న. గడ్డి కోసే యంత్రం అరువడిగితే కూడా "ఇది ఎన్నో నంబరు?" అని ఏడిపించేవాడు. ఆర్విడ్ లేని చోట అతని నడక, చెవి దగ్గర పెట్టుకుని వినే తీరు అనుకరించి చూపించేవాడు. అది చూసి హార్లన్ భార్య మరీన్ కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వేది.

ఆ మరీన్ నవంబరులో చనిపోయింది. ఏప్రిల్లో, దూడలు పుట్టే రోజుల్లో, మూడు రోజులు ఆగకుండా మంచు తుఫాను కొట్టి నలభై ఒక్క దూడలు పోయాయి. మొదటి దెబ్బకు హార్లన్ వంగాడు. రెండోదానికి కూలబడ్డాడు. ఆవులకు మేత మాత్రం వేసేవాడు. తనకు వండుకోవడం మానేశాడు. గడ్డం పెరిగింది. కాఫీ హోటలుకు వెళ్లడం ఆపేశాడు. ఎవరైనా ఫోన్ చేస్తే "బానే ఉన్నా" అనేవాడు.

ఒక ఉదయం సొరుగులోంచి నాన్న రివాల్వర్ తీసి వంటింటి బల్ల మీద పెట్టాడు. శుభ్రం చేద్దామని తనకు తాను చెప్పుకున్నాడు. నూనె సీసా తీయలేదు, గుడ్డ తీయలేదు. దాని ఎదురుగా కుర్చీలో అలా కూర్చుండిపోయాడు.

అప్పుడే వాకిట్లో ట్రక్కు ఆగింది. ఆర్విడ్ తలుపు కొట్టకుండానే లోపలికొచ్చాడు. చేతిలో ఇంగా పంపిన మాంసం కూర గిన్నె. హార్లన్ మొహం చూశాడు, బల్ల చూశాడు. గిన్నెను తీసుకెళ్లి సరిగ్గా రివాల్వర్ పక్కన పెట్టాడు.

"దీని కోసమే వచ్చా!" అన్నాడు. "మీ నాన్నది కదా? ఎన్నాళ్లుగా అడుగుదామనుకుంటున్నానో!"

"పిడి విరిగిపోయింది, ఆర్విడ్. టేపు చుట్టుంది."

"ఏ ఏడు చుట్టారు?"

"ఏమో. నా చిన్నప్పుడు."

"చూశావా! టేపు కూడా పాతదే! ఇలాంటిది ఎక్కడ దొరుకుతుందయ్యా? తప్పనిసరి. దీన్ని నేను కొన్నాళ్లు అధ్యయనం చెయ్యాలి." చక్రం తెరిచి ఖాళీ చేసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "తూటాలు కూడా ఇవ్వు. ఎన్నుంటే అన్ని."

"తూటాలెందుకు?"

"విడదీస్తే అధ్యయనం కుదరదు. ఆ మూల ఉన్న రైఫిళ్లు కూడా ఇయ్యి, ఆ రెండూ."

"నువ్వు తేల్చాల్సింది రివాల్వర్లు కదయ్యా!"

"పక్కన పెట్టి పోల్చుకోవద్దూ?"

ఇంకో రోజైతే హార్లన్ పడీపడీ నవ్వేవాడు. ఆ రోజు వాదించే ఓపిక కూడా లేదు. ఆర్విడ్ అన్నీ దుప్పట్లో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ట్రక్కులోకి మోసుకెళ్లాడు. మళ్లీ వెనక్కొచ్చాడు.

"ఒక్కటే చిక్కు. దీని చరిత్ర నాకు తెలీదు. చరిత్ర లేనిదాన్ని జాబితాలో ఎలా ఉంచను? బుధవారం మా ఇంటికొచ్చి చెప్పు. పన్నెండింటికి. ఇంగా భోజనం పెడుతుంది."

"దానికేం చరిత్ర లేదు."

"లేదన్న సంగతే వచ్చి చెప్పు. రాసుకుంటా. నువ్వు రాకపోతే నేనే వస్తా, పాత నోటుబుక్కులన్నీ పట్టుకుని."

ఆ బెదిరింపు పనిచేసింది. హార్లన్ బుధవారం వెళ్లాడు. ఉన్నదల్లా ఒక్క కథే. నాన్న వాకిట్లో పామును కాల్చబోయి పాల క్యానును కాల్చాడు. పాము పాలలో ఈదుకుంటూ వెళ్లిపోయింది. అమ్మ నాన్నతో మూడు రోజులు మాట్లాడలేదు. అంతే.

అంతేనని ఆర్విడ్ ఒప్పుకుంటేగా! మరుసటి బుధవారం "క్యాను ఎన్ని లీటర్లది?" అన్నాడు. ఆ తర్వాతి వారం "మీ అమ్మ మాట్లాడని ఆ మూడు రోజులూ వంట ఎవరు చేశారు?" అన్నాడు. తర్వాత "మరీన్‌కి ఈ కథ తెలుసా? వింటే ఏమంది?" అని అడిగాడు.

హార్లన్ చేతిలోని చెంచా పళ్లెంలో పెట్టేశాడు. ఇంగా బంగాళాదుంపలు వడ్డించడం ఆపి గరిటె పట్టుకుని నిలబడింది. "పాముదే తెలివంది" అన్నాడు చివరికి. "మా నాన్న కంటే పామే నయమంది." అంటూ ఏడ్చాడు. నవంబరు తర్వాత అదే మొదటిసారి. ఆర్విడ్ తల వంచుకుని ఆ మాట నోటుబుక్కులో పొందిగ్గా రాసుకున్నాడు.

ఆ కథ రాయడానికి ఇరవై ఆరు బుధవారాలు పట్టింది. ఆ మధ్యలో హార్లన్ గడ్డం గీసుకున్నాడు. కంచె బాగుచేశాడు. ఆగస్టులో కొత్తగా పన్నెండు పెయ్యదూడలు కొన్నాడు. ఒక రోజు ట్రక్కు నడుపుతూ తను పాట పాడుతున్నానని సగం పాట అయ్యాక గమనించాడు.

అక్టోబరులో ఓ బుధవారం వెళ్లేసరికి, బల్ల మీద రివాల్వర్ ఉంది, రైఫిళ్లున్నాయి, తూటాల డబ్బాలున్నాయి.

"కొట్టేశా" అన్నాడు ఆర్విడ్. "తప్పనిసరి కాదు. పట్టుకెళ్లు."

హార్లన్‌కు చెవులదాకా మంటెక్కింది. "ఆరు నెలలు చూసి ఇప్పుడా! ఏం తక్కువైంది మా నాన్న రివాల్వర్‌కి?"

"టేపు అంత పాతది కాదు."

"నా చిన్నప్పటిదన్నాగా!"

"నువ్వు మరీ అంత పాతోడివి కాదుగా."

హార్లన్ భోజనం చెయ్యకుండా లేచి, అన్నీ ట్రక్కులో వేసుకుని, విసురుగా కాఫీ హోటలుకు పోయాడు. ఆరు నెలల తర్వాత గుమ్మం తోసుకుని వచ్చినవాడు, కూర్చోకుండానే తిట్లు లంకించుకున్నాడు.

"వాడి ఆరో నంబరు మండిపోను! మా నాన్న చేతిది, తప్పనిసరి కాదట!"

మెకానిక్ లెనీ తలెత్తాడు. "నీకు టేపన్నాడా? నాకు తుప్పన్నాడు. తుప్పు చూసే కదా పట్టుకెళ్లింది! ఆర్నెల్లు ఉంచుకుని తుప్పు పట్టిందని తిరిగిచ్చాడు. ఆ ఏడంతా నాకు మండుతూనే ఉంది."

"ఏ ఏడు?" అని డార్లీన్ అడిగింది, కాఫీ పోస్తూ.

"నా షెడ్డు తగలబడిన ఏడు."

"మా ఆయనది పట్టుకెళ్లింది ఆయన గనిలో పని పోయినప్పుడు" అంది డార్లీన్. "మళ్లీ పనిలో చేరిన నెలకి తెచ్చిచ్చేశాడు. బరువు ఎక్కువన్నాడు. వారం వారం పిలిచి ఆయన్ని భోజనానికి..."

ఆ మాట మధ్యలో ఆగింది. కిటికీ పక్కన కూర్చున్న పాల డెయిరీ ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "మాది కొడుకు పోయిన ఏడు" అన్నాడు. "పొట్టి గొట్టమని వంక పెట్టాడు."

హార్లన్ కళ్ల ముందు వంటింటి బల్ల కనిపించింది. నూనె సీసా లేదు, గుడ్డ లేదు. తలుపు కొట్టకుండా లోపలికొచ్చిన మనిషి. రైఫిళ్లు కూడా ఇయ్యి, పోల్చుకోవద్దూ? హార్లన్ ఎత్తయిన కుర్చీలో మెల్లగా కూర్చున్నాడు.

"ఇరవై మూడేళ్లు" అన్నాడు లెనీ. "మనం నవ్వుతూనే ఉన్నాం."

"ఇకముందూ నవ్వాలి" అంది డార్లీన్ కళ్లు తుడుచుకుంటూ. "ఈ సంగతి బయటపడిందో, ఆయన వాకిట్లోకొస్తే ఒక్కడూ తలుపు తియ్యడు. ఊళ్లో అందరికీ ఆయనో పిచ్చివాడు. అలాగే ఉండనీ."

ఆ రోజు నుంచి ఆ నలుగురూ ఆర్విడ్‌ని మునుపటికంటే రెట్టింపు ఆటపట్టించారు. అందులో హార్లన్‌ది పెద్ద గొంతు.

మరుసటి నెలలో డ్వేన్ కిట్రెడ్జ్ ఇంటికి ఆర్విడ్ బయలుదేరుతున్నాడని హార్లన్ ఇంగా నోట విన్నాడు. డ్వేన్ ముప్పై ఏళ్లవాడు. భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. మూడు వారాలుగా అతను బజార్లో ఎవరికీ కనబడలేదు. హార్లన్ టోపీ పెట్టుకుని వెళ్లి ఆర్విడ్ ట్రక్కెక్కి కూర్చున్నాడు.

"నువ్వెందుకు?" అన్నాడు ఆర్విడ్.

"ఊరికే. గాలి కోసం."

పన్నెండు మైళ్లూ ఇద్దరూ ఆవు మేత ధర గురించే మాట్లాడుకున్నారు.

డ్వేన్ వరండాలోకి వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. మాసిన చొక్కా, నిద్రలేని కళ్లు. ఆర్విడ్ ఆరో నంబరు సంగతంతా చెప్పాక, డ్వేన్ లోపల్నించి ఒక రివాల్వర్ తెచ్చి చూపించాడు. "ఇదేనా నీకు తప్పనిసరి? పాముల కోసమని సంతలో అన్నిటికంటే చవకది కొన్నా."

ఆర్విడ్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, నోరు తెరిచాడు, మూశాడు. రివాల్వర్ల విషయంలో అతని నాలుక ఎప్పుడూ ఇలా తడబడలేదు. మెచ్చుకోవడానికి తుప్పు కూడా లేదు దానికి. డ్వేన్ చెయ్యి తలుపు మీదికి వెళ్లింది.

"అది ఆయనకు కాదు, నాకు" అన్నాడు హార్లన్. "నేనూ జాబితా మొదలుపెట్టా."

ఆర్విడ్ గిర్రున తిరిగాడు. "నువ్వా! ఎప్పట్నించి?"

"ఇవాళ పొద్దున్నించి. నావి పది."

"పదా? పదేమిటయ్యా! దేన్ని బట్టి పది?"

"రెండు చేతులకూ వేళ్లెన్ని?"

"వేళ్లకీ రివాల్వర్లకీ ఏం సంబంధం, బుద్ధుందా? దీంతోనా మొదలెట్టేది? ఈ గొట్టం చూడు! కుళాయికి బిగిస్తే నీళ్లు కూడా వంకరగా వస్తాయి!"

"నా జాబితా, నా ఇష్టం! వంకరది ఒకటి తప్పనిసరి!"

"వంకరది తప్పనిసరి అట! విన్నావా డ్వేన్? ఇరవై మూడేళ్ల నా పరువు తీస్తున్నాడు వీడు!"

ఆర్విడ్ నిజంగానే కోపంతో ఊగిపోతున్నాడు. టోపీ తీసి మెట్ల మీద కొట్టాడు. హార్లన్ కూడా తన టోపీ తీసి కొట్టాడు, ఏం చెయ్యాలో తెలీక. డ్వేన్ ఒకసారి వీళ్లను, ఒకసారి నేలమీది టోపీలను చూశాడు. అతని ముక్కులోంచి ఏదో చప్పుడొచ్చింది. తర్వాత భుజాలు కదిలాయి. నవ్వాగక తలుపుకు జారగిలబడ్డాడు, దాంతో తలుపు పూర్తిగా తెరుచుకుంది.

"లోపలికి రండయ్యా ఇద్దరూ" అన్నాడు. "కాఫీ ఉంది. పాలు లేవు."

"పాలెవడిక్కావాలి!" అన్నాడు ఆర్విడ్, ఇంకా హార్లన్‌ వంక కొరకొరా చూస్తూనే.

లోపల తొట్టి నిండా అంట్ల గిన్నెలు గుట్టగా ఉన్నాయి. హార్లన్ ఏమీ అడగకుండా చొక్కా చేతులు మడిచి, కుళాయి తిప్పి, పైనున్న పళ్లెం అందుకున్నాడు.