వెనకాల ఏముంది?

గేర్ల పళ్ళతోనే బతుకు గనుక షెడ్ల వీధిలో ఆ మెకానిక్కుని పళ్ళ డాక్టరంటారు. ఏ బండి వచ్చినా నూనె చేతులు గుడ్డకు తుడుచుకుని, మనసులో దేవుణ్ణి తలుచుకుని, ముందుగా అడిగేది ఒక్కటే: "వెనకాల ఏముంది?" బరువు లాగే బండయితే వెనక ఇరుసులో నిదానంగా, బలంగా తిరిగే గేర్లు వేస్తాడు. ఒంటి బండయితే వేగంగా పరుగెత్తేవి. ఆ ఉదయం, జీపు వెనక టీ బండి తగిలించుకుని ఊళ్ళు తిరిగే మనిషి ఒట్టి జీపుతో వచ్చి, వేగం గేర్లు వెయ్యమన్నాడు. డాక్టరు అలవాటుగా అదే మాట అడిగాడు.

"ఇంకేముందన్నా, ముందూ వెనకా ఎవరూ లేరు. మా ఆవిడ పోయింది."

డాక్టరు స్టూలు తుడిచి అతన్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చాడు. "నేనడిగింది టీ బండి సంగతి తమ్ముడూ. ఈ గేర్లు వేస్తే మళ్ళీ దాన్ని మిట్ట ఎక్కించలేవు."

"ఎక్కించి ఏం చెయ్యను? పాలు పొంగితే నన్ను తిట్టేదెవరన్నా?"

డాక్టరు అతనడిగిన గేర్లే వేశాడు. సాయంత్రం జీపు తేలిగ్గా కదిలింది. వీధి చివర గతుకు దాటగానే అతను బ్రేకు నొక్కి, వెనక లేని టీ బండి కూడా దాటాలన్నట్టు అద్దంలోకి చూస్తూ ఆగిపోయాడు. వెనకొస్తున్న లారీ హారన్ కొట్టబోతుంటే, డాక్టరు రోడ్డు మీదకు వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు.