సీ డ్రైవ్ లేని ఇల్లు

పదేళ్లుగా నేను లినక్స్ ప్రచారకుణ్ణి. జీతం లేదు, గౌరవం అంతకన్నా లేదు. ఏలూరు నుంచి వచ్చి రాంగోపాల్‌పేట్‌లో కాపురం పెట్టిన నాటి నుంచి మా గల్లీలో అందరికీ చెప్పి చూశాను. "బాబూ, మీ కంప్యూటర్లో విండోస్ బదులు ఇది వేసుకోండి. ఉచితం. దీని లోపలి రాత ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు. ఇది స్వేచ్ఛ!" అనేవాణ్ణి. "ఉచితమా? అయితే ఏదో లోపం ఉంటది" అని వెళ్లి దొంగ విండోస్ వేయించుకునేవారు. చివరికి నాకు దొరికింది మా ఆవిడ ఒక్కతే. పాపం, ఆవిడకు వేరే దారి లేదు.

ఆవిడ ఇంట్లో కూర్చుని వకీళ్లకు పిటిషన్లు టైపు చేస్తుంది. ఆ కంప్యూటర్‌ను నేనెంత శుద్ధి చేశానంటే, తెర మీద ఒక్క బొమ్మ మిగల్చలేదు. మౌస్ బాణాన్ని తెర అడుగు అంచుకు తాకిస్తేనే ఫైళ్ల పట్టీ పైకి లేస్తుంది. "జెర నలుగురి లెక్క పెట్టరాదుండ్రి!" అని ఆవిడ రోజూ తిట్టేది.

ఒక ఆదివారం పొద్దున మా గల్లీకి రెండు వైపులా పోలీసు బండ్లు అడ్డంగా నిలిచాయి. కార్డన్ సెర్చ్ అట. అంటే ఏ ఇంటి మీదా అనుమానం లేదు కాబట్టి అన్ని ఇళ్లూ వెతుకుతారు. ఇళ్లలోకి రావడానికి వాళ్ల దగ్గర కోర్టు కాగితం ఉండదు. మన బండి కాగితాలు, ఆధార్ కాగితాలు మాత్రం మనం చూపించాలి. అంతా మన రక్షణ కోసమే.

మా ఇంట్లోకి ఒక ఎస్సై, ఒక కానిస్టేబుల్ వచ్చారు. సాక్షిగా పై అంతస్తు ఆయన్ని వెంటబెట్టుకొచ్చారు. గల్లీలో పెద్దమనిషి ఆయనే మరి. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు. ఆ పెద్దమనిషి భార్య మూడు రోజుల కిందట, ఆయన ఆఫీసుకు పోయాక కిందికి దిగివచ్చింది. చేతి మీద కమిలిన మచ్చల్ని కొంగుతో కప్పుకుని, ఏడేళ్ల సంగతి మా ఆవిడకు చెప్పుకుంది. ఆమె విడాకుల పిటిషన్ ఆ కంప్యూటర్‌లోనే ఉంది. సోమవారం దాని మీద సంతకం పెట్టి, అటునుంచి అటే పుట్టింటికి పోవాలని అనుకుంది. ఆలోగా ఆయనకు తెలిస్తే ఆమె మళ్లీ ఆ మెట్లు దిగేది కాదు.

స్వేచ్ఛ మీద పదేళ్లు ఉపన్యాసాలు దంచిన నేను ఏం చేశాను? "రండి సార్, కూర్చోండి సార్" అన్నాను. ఫ్యాను వేశాను. కానిస్టేబుల్ కంప్యూటర్ ముందు కూర్చుని, ఆన్ చేసి పాస్‌వర్డ్ అడిగితే అదీ చెప్పాను. సిగ్గు లేకపోతే సరి!

నల్లటి తెర మీద తెల్లక్షరాలు గబగబా పరిగెత్తాయి.

"ఏందిది? హ్యాకింగా?" అన్నాడు ఎస్సై.

"లినక్స్ సార్."

"గదెవరు?"

ఇంతలో తెర ఖాళీగా నిలిచింది. "మై కంప్యూటర్ ఏడుంది?" అన్నాడు కానిస్టేబుల్.

"ఇదే సార్. మాదే."

"మజాక్ చేస్తున్నవా? సీ డ్రైవ్ ఏది?"

"దీంట్లో ఉండదు సార్."

"ఎట్లుండదు? అందరికుంటది!"

"ఈళ్లింటికి రోజూ ఎవరో ఒక ఆడమనిషి వచ్చిపోతనే ఉంటది సార్" అని పై అంతస్తు ఆయన మెడ చాచి మరీ సాయపడ్డాడు.

కానిస్టేబుల్‌కు పంతం వచ్చింది. బాణాన్ని తెరంతా తిప్పాడు. చివరికి చల్లబడి, నిజంగా నేర్చుకునేవాడిలా అడిగాడు. "జెర చెప్పన్నా, ఇది ఎట్ల తెరుస్తరు?"

పదేళ్లలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి అతను. దేవుడి మీద ఒట్టు, నోరు తెరిచేశాను. "చాలా సులువు సార్, మౌస్‌ని..."

మా ఆవిడ నా కాలు తొక్కింది. చిటికెన వేలు ఇప్పటికీ వంకరే. అప్పటికి బాణం అడుగు అంచుకు రెండు వేళ్ల దూరంలో ఉంది.

ఆవిడ ఎస్సై ముందుకొచ్చి నిలబడింది. "సార్, మా ఇంట్ల దేవులాడనీకి కాగితం ఉన్నదా? ఇవన్ని వకీళ్ల కేసులు. ఏం చూసిన్రో, ఎవరి ముంగట చూసిన్రో రాసియ్యుండ్రి. రేపు వకీలు సాబ్‌కు చూపెట్టాలె."

ఎస్సై గొంతు మెత్తబడింది. "గంత పరేషాన్ ఎందుకమ్మా, మామూలు చెకింగే." కానిస్టేబుల్ వైపు తిరిగి, "లెవ్. సీ డ్రైవే లేనిదాంట్ల ఏముంటది?" అన్నాడు. రాసిచ్చేదాకా మా ఆవిడ గడపలోంచి కదల్లేదు. 'ఇంట్లో, కంప్యూటర్‌లో ఏమీ దొరకలేదు' అని అరకాగితం మీద రాశారు. పెద్దమనిషి సొంత పెన్ను తీసి, సాక్షి సంతకం చేశాడు.

పోలీసులకే అంతుబట్టలేదన్న మాట పాకి, ఆ వారంలోనే గల్లీ అంతా మా గుమ్మంలో ఉంది. "అన్నా, ఆ సీ డ్రైవ్ లేనిది మాకు సుత వెయ్యరాదే!" స్వేచ్ఛ అంటే కదలని జనం పోలీసు అనేసరికి పరిగెత్తుకొచ్చారు. నా పదేళ్ల ప్రచారం ఒక్క ఎస్సై కాలిగోటికి చాలలేదు.

సెర్చ్ జరిగిన మర్నాడే, సోమవారం, పై అంతస్తు ఆమె కిందికి వచ్చింది, సంతకం పెట్టింది, ఒక సంచీతో వెళ్లిపోయింది. కోర్టు నోటీసు అందిన రోజున ఆ పెద్దమనిషి మా తలుపు బాదాడు.

"ఇది మీ ఇంట్లనే టైపైంది కదా? చెప్పుండ్రి!"

ఈసారి కూడా నేను "రండి, కూర్చోండి" అన్నాను. మా ఆవిడ అరకాగితం తెచ్చి ఆయన కళ్లముందు పట్టుకుంది.

"మా ఇంట్ల ఏం లేదని సంతకం పెట్టింది మీరే కదన్నా?"