గోగునార కొట్టు అరుగు మీద బడి

"బడి తెరిచారు" అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మొన్నామధ్య కరోనా రోజుల్లో మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని, బడులు తెరవాలని కొందరూ వద్దని కొందరూ గొంతులు చించుకుంటుంటే నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. అంతంత చదువులు చదివినవాళ్ళలో ఒక్కరైనా ఎవరికి తెరుస్తారని అడగలేదు. నాకు ఆ ప్రశ్న పదేళ్ళ వయసులో తెలిసింది. తెలిసి ఒరిగిందేమీ లేదు.

చీపురుపల్లికి ఎడ్లబండి మీద పోతే ఒక పూట పట్టే ఊరు మాది. అక్కడి పంచాయతీ సమితి బడికి మా నాన్న మేష్టారు. ఒకటి నుంచి ఐదు దాకా అన్నిటికీ ఆయనొక్కరే. బడి అంటే పెంకులు కప్పిన ఒక్క గది, ముందు ఒక వసారా. అరవైల చివర్లో ఒక ఏడాది, వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో, ఊళ్ళోకి కలరా వచ్చింది. అది ఎక్కడో సముద్రాల అవతల పుట్టి దేశాలన్నీ తిరుగుతోందని నాన్న పేపర్లో చదివి చెప్పేవారు. అన్ని దేశాలు తిరిగిన రోగం మా ఊరికొచ్చి నేరుగా పేటలోకి పోయింది. అందులో వింతేం లేదు. ఊరి చివర పేటవాళ్ళని మా నూతి చుట్టుపక్కలకి రానిచ్చేవారు కారు. వాళ్ళు ఊరి పక్కన పారే గెడ్డలో నీళ్ళు తాగేవారు. ఆ గెడ్డలోనే ఊరంతా గోగు మోపులు నానబెట్టేది, గొడ్లని కడిగేది, ఇంకా చెప్పకూడనివన్నీ చేసేది.

డాక్టరు వ్యాను వచ్చి బడిని ఆస్పత్రి చేసింది. బల్లలు బయట పడేసి, గచ్చు మీద చాపలు పరిచారు. నల్లబల్ల తగిలించే మేకుకి సెలైను సీసా వేలాడేది. ఊళ్ళో కలిగినవాళ్ళు డాక్టరుని ఇంటికే పిలిపించుకున్నారు. బడిలో పడుకున్నవాళ్ళంతా పేటవాళ్ళు. చాలామంది అక్కడే పోయారు.

నాతోపాటు ఐదో తరగతిలో పేట నుంచి ఒక పిల్ల వచ్చేది. ఐదులో పేటవాళ్ళెవరూ అంతవరకు లేరు. వాళ్ళమ్మ ఆ పిల్లని ఒకటో తరగతిలో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినప్పుడు నాన్నతో అన్న మాట మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. "దీన్నెలగో ఐదు గట్టెక్కించీయండి బాబూ. సీపురుపల్లి ఆస్టల్లో ఏసేస్తాను. ఆడ రెండు పూట్లా వరన్నం పెడతారంట." ఆవిడ చోడి అంబలి, అదే రాగి అంబలి, తప్ప ఎరగని మనిషి. కూతురు రెండు పూట్లా వరి అన్నం తినాలి. ఆవిడకి చదువంటే అది. ఐదో తరగతి పరీక్ష అయితే హాస్టలు, లేకపోతే లేదు. ఆ ఏడు పరీక్ష రాయవలసిన పిల్ల ఇంట్లో తల్లికే రోగం తగిలింది. బడిలో దేశపటం వేలాడే గోడ కింద చాప మీద ఆవిడ ప్రాణం పోయింది.

దీపావళి నాటికి రోగం సద్దుమణిగింది. బడి తెరవమని సమితి నుంచి కాయితం వచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా. షావుకారు గోగునార కొట్టు ముందు పొడుగ్గా ఒక అరుగు ఉండేది. ఊళ్ళో ఏ మాటొచ్చినా దాని మీదే తేలేది. ఆ సాయంత్రం అక్కడికి ఊరంతా చేరింది. నాన్న వెనక నేనూ నిలబడ్డాను.

"సచ్చినోల గదిలో మా గుంటల్ని కూకోబెట్టమంటారేటి మేష్టారూ?" అని ఒక రైతు అందుకున్నాడు. మా వైపు గుంటలంటే పిల్లలు.

"రెండుసార్లు సున్నం కొట్టించానండి. గచ్చంతా ఫినాయిలుతో కడిగించాను. ఆ రోగం గోడల్లో ఉండదు, నీళ్ళలో ఉంటుంది" అన్నారు నాన్న.

"రోగం పోతాది బాబూ, సచ్చినోలు పోతారేటి? ఆల్లు ఆడే ఉంటారు" అంది ఒక ముసలమ్మ.

"అలగని ఎన్నాల్లు మూసీసుంటాం? బడి నేకపోతే మా వోడు పొద్దస్తమానూ గెడ్డలో పడి ఉంటన్నాడు. అసలు రోగం ఆడే ఉన్నాదని మేష్టారే సెప్తన్నారు గదా" అని ఇంకొకాయన ఎదురు తిరిగాడు.

మాటకి మాట పెరిగింది. తెరవకపోతే పిల్లలు పాడైపోతారని కొందరు, తెరిస్తే పిల్లలే ఉండరని కొందరు. నిజం చెప్పాలంటే రెండు పక్షాలదీ భయమే. కాని ఆ గదిలో ఎవరూ పోని ఇళ్ళవాళ్ళే అంత భయపడుతున్నారని నాకు ఆ వయసులో కూడా వింతగా అనిపించింది. గదిలో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళు అరుగుకి దూరంగా, వీధిలో నేల మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళని ఎవరూ ఏమీ అడగలేదు.

చివరికి షావుకారు గొంతు సవరించుకున్నాడు. "బడి గావాల, ఆ గది వద్దు. అంతే గదా? నా అరుగు ఖాళీగానే ఉన్నాది. ఇక్కడే ఎట్టుకోండి మేష్టారూ. నాకేటి అడ్డం?"

అందరి మొహాలూ విప్పారాయి. పాము చావకుండా కర్ర విరగకుండా తీర్పు దొరికింది. ఆయన చెడ్డవాడు కాదు, అదే నా బాధ. రోగం రోజుల్లో పేటకి తన సొంత బియ్యంతో గంజి కాయించి పంపినవాడు. మేం అద్దెకున్న ఇల్లు కూడా ఆయనదే.

మర్నాడు పొద్దున్న అరుగు మీద బడి మొదలైంది. కొట్టులోంచి గోగునార దుమ్ము వచ్చి అందరం ఒకటే తుమ్ములు. పేట పిల్లలు నలుగురైదుగురు పలకలు పట్టుకుని మెట్టు కింద నిలబడ్డారు. మా తరగతి పిల్ల అందరికంటే ముందు ఉంది. షావుకారు నాన్నని పక్కకి పిలిచాడు.

"ఆల్ల ఇల్లల్లో ఇంకా రోగం ఆరనేదు మేష్టారూ. ఒక నెల్లాల్లు ఆగమనండి. నాకేటీ నేదు, ఊరోలు భయపడతన్నారు."

నాన్న ఒకసారి మెట్టు వైపు చూశారు. "ఒక నెలేనండి" అన్నారు.

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర అమ్మ ఏమీ అడక్కుండానే నాన్న చెప్పుకొచ్చారు. "అసలు బడే లేకపోవడం కంటే ఇది నయం కదా. గుడ్డి కన్నా మెల్ల మేలన్నారు."

"మెల్ల ఎవరికి? గుడ్డి ఎవరికి?" అంది అమ్మ. నాన్న మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయారు.

రెండు రోజులు పోయాక ఆ పిల్ల మా పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది. తలకి నూనె లేదు. తల్లి పోయాక ఆ తల ఎవరూ దువ్వలేదని చూస్తేనే తెలిసేది.

"మేష్టారండీ, పాత బడి ఖాళీగానే ఉన్నాది గదండీ. నాను ఆడ కూకుంటాను. తమరొచ్చి సెప్తారేటండీ?"

"నీకు భయం లేదుటమ్మా?"

"మాయమ్మ ఉన్న సోటు గదండీ. భయమేటి?"

నాన్న లోపలికొచ్చి తాళంచెవి తీసుకున్నారు. ఆ రోజు ఆయన్ని చూసి నేను ఎంత గర్వపడ్డానో చెప్పలేను. ఇప్పుడు దాన్ని తలుచుకుంటే ఏడుపొస్తుంది.

అరుగు బడి అయ్యాక సాయంత్రాలు నాన్న పాత బడికి వెళ్ళేవారు. నేనూ వెంట వెళ్ళేదాన్ని. గదికి తాళం వెయ్యకుండానే వదిలేసేవారు. మేం వెళ్ళేసరికి ఆ పిల్ల గది తుడిచి, దేశపటం కింద తన చోటులో కూర్చుని ఉండేది. సున్నం వాసన ఇంకా ఘాటుగా ఉండేది. పేట నుంచి మిగిలిన పిల్లలు రాలేదు. వాళ్ళ ఇళ్ళలోనూ భయం ఉంది, పైగా గోగు ఒలిచే రోజులు. నాన్న ఆ ఒక్కదానికీ గదినిండా పిల్లలున్నట్టే గట్టిగా పాఠం చెప్పేవారు. నేను దాని పక్కనే కూర్చునేదాన్ని. భిన్నాలు నాకు అక్కడే అర్థమయ్యాయి.

ఊరికి తెలియడానికి ఎంతసేపు? "ఆ గదిలోకెల్లొచ్చి మా గుంటల్ని ముట్టుకుంటన్నారు" అన్నారు. ఇంటికెళ్ళి స్నానం చేస్తున్నానని నాన్న చెప్పుకున్నారు. బట్టలు కూడా వేరే ఉంచానన్నారు. అలా సంజాయిషీ చెప్పడం మొదలెట్టినప్పుడే ఆయన ఓడిపోయారని నాకిప్పుడు అనిపిస్తుంది. ఒక పొద్దున్న అరుగు మీదికి ఒక్క పిల్లా రాలేదు. మర్నాడూ అంతే. నాన్న, నేను, నార దుమ్ము.

షావుకారు వచ్చి పక్కన కూర్చున్నాడు. "రెండు పడవల మీద కాల్లెందుకు మేష్టారూ? ఒక్క గుంట కోసం ఊరి గుంటలందరి సదువూ పోగొడతారేటి?" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, జాలే ఉంది. అదే వారంలో సమితి నుంచి వచ్చిన పెద్దమనిషి కూడా ఒక్క పిల్లకి బడేమిటండీ అని నవ్వి, అరుగు బడి బాగుందని మెచ్చుకుని పోయాడు.

నాన్న పాత బడికి తాళం వేశారు. ఆ పిల్లని పిలిచి నా ఎదురుగానే చెప్పారు. "నీ పేరు హాజరుపట్టీలోంచి తియ్యను. రోజూ పిలుస్తాను. పేరుంటే పరీక్షకి పంపడం నా చేతిలో పని. నువ్వు ఇంటి దగ్గర చదువుకో. నెల అవ్వగానే అరుగు మీదికి వచ్చేద్దువుగాని."

"అలాగేనండి" అంది. అది నమ్మింది, నేనూ నమ్మాను. నాన్న కూడా నమ్మే చెప్పారు.

నెల గడిచింది. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. రోగం పేటలోనూ లేదు, ఊళ్ళోనూ లేదు. నూతిలో వేసిన మందు వాసన కూడా పోయింది. రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. నాన్న రోజూ షావుకారుని అడుగుదామని బయల్దేరేవారు. పంటల మాటో చలి మాటో మాట్లాడి వచ్చేసేవారు. ఊళ్ళో మాత్రం బడి తెరుచుకున్నాదని, చక్కగా నడుస్తన్నాదని చెప్పుకునేవారు.

ఇంతలో నార బళ్ళు రావడం మొదలైంది. చుట్టుపక్కల ఊళ్ళ గోగునారంతా షావుకారు కొట్టుకే వచ్చేది. బళ్ళమీంచి మోపులు దింపి, మెట్టెక్కి, అరుగు దాటి లోపల పేర్చాలి. మోసేది పేటవాళ్ళు. తల్లి పోయాక ఇంట్లో చేతులు తక్కువయ్యాయి కాబట్టి వాళ్ళ అయ్య ఆ పిల్లని కూడా పనిలోకి తెచ్చాడు.

చదువుకోడానికి ఎక్కకూడని అరుగు మోపుతో ఎక్కొచ్చు. అప్పుడు రోగం అంటదు. ఊరిలో ఒక్కరికీ ఇది తప్పుగా కనపడలేదు, ఒట్టు. మోపు వచ్చినప్పుడల్లా కొట్టులోంచి గుమాస్తా "అడ్డు లెగండర్రా" అని కేకేసేవాడు. మేం కాళ్ళు ముడుచుకునేవాళ్ళం. నార కళ్ళమీదికి వేలాడుతూ ఉంటే ఆ పిల్ల మా మోకాళ్ళ ముందు నుంచి నడిచి లోపలికి పోయేది. నాన్న చెబుతున్న పాఠం ఒక్కసారి తడబడేది. తర్వాత మళ్ళీ సాగేది.

పేరు మాత్రం నాన్న రోజూ పిలిచేవారు. నా పేరు తర్వాత దాని పేరు. పిలిచి, ఒక్క గుక్క ఆగి, తర్వాతి పేరుకి వెళ్ళేవారు. ఆ ఆగడంలో నాకు కాస్త ప్రాణం ఉన్నట్టు ఉండేది.

ఒక పొద్దున్న బళ్ళు తొందరగా వచ్చాయి. నాన్న హాజరు వేస్తున్నారు. నా పేరు అయింది, దాని పేరు పిలిచారు. సరిగ్గా అప్పుడే అది మోపుతో మెట్టెక్కుతోంది. "ఒచ్చినానండీ" అంది నార కిందనుంచి, ఎప్పుడూ బడిలో పలికినట్టే. అలవాటుగా అందో కావాలనే అందో నాకు తెలీదు.

అరుగంతా గొల్లుమంది. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. గుమాస్తా నవ్వాడు. వాకిట్లో బండి తోలేవాళ్ళు కూడా నవ్వారు. షావుకారు లోపల్నించి "ఆ పేరు తీసీయండి మేష్టారూ, పాపం ఆ గుంటకి పనిలో అడ్డం" అన్నాడు. పాపం అన్న మాట మనసులోంచే అన్నాడు. నాన్న తల ఎత్తలేదు. ఆయన చెవులు ఎర్రబడటం నేను చూశాను. నవ్వితే భరించలేని మనిషి మా నాన్న. ఒక ఊరు ఎదురైతే కొంతదూరం నిలబడ్డారు గాని, ఆ నవ్వు ముందు నిలబడలేకపోయారు.

ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. నాన్న మంచివారు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా మంచితనమంటేనే నాకు విసుగు పుడుతుంది.

మర్నాడు మళ్ళీ హాజరు వేశారు. నా పేరు పిలిచారు, పలికాను. అది మోపు ఎత్తుకుని మెట్టు మీదికి వచ్చింది. తన పేరు వచ్చే చోటు దానికీ తెలుసు. అక్కడ ఆగింది, మెడ మీద బరువుతో, ఒక కాలు అరుగు మీద పెట్టి. నాన్న పట్టీలోంచి తల ఎత్తకుండా తర్వాతి పిల్లవాడి పేరు చదివారు.

"అడ్డు లెగండర్రా" అన్నాడు గుమాస్తా. మేం కాళ్ళు ముడుచుకున్నాం. అది లోపలికి వెళ్ళిపోయాక మళ్ళీ చాపుకున్నాం.