అడిగేవాణ్ణి అడిగిన వదిన

మొన్న మంగళవారం పొద్దున కుప్పం ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, వదిన పోయిందని. మా అన్న భార్య. ఆమె అనుమానించకుండా వదిలిన మనిషి నాకు గుర్తులేదు. నన్నూ వదల్లేదు.

పుంగనూరు దగ్గర చేను. నలభై ఏళ్లు టమాటా పండించి మదనపల్లె మార్కెట్టుకు తోలింది. సంతలో వంకాయలు కొన్నా బుట్ట అడుగు నుంచే ఏరేది. "పైనవి మనకు సూపించేకి పెట్టినారు మే" అనేది.

నేను హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు ఎక్కడ పెట్టాలో చెబుతానని ఒక సలహాదారు మదనపల్లెలో మా ఇంటికొచ్చాడు. నా మిగతా బతుకుకు ఆధారం ఆ డబ్బే. నష్టాన్ని నేనెంత తట్టుకోగలనో తేల్చడానికి ప్రశ్నల కాగితం ఇచ్చాడు. 'పెట్టిన సొమ్ము నెలలో పావువంతు తగ్గితే తీసేసుకుంటారా, ఆగుతారా, ఇంకా పెడతారా?' నేను 'ఇంకా పెడతాను' దగ్గర టిక్కు పెట్టాను. జన్మంతా పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని. పిరికి జవాబుకు మార్కులు తగ్గుతాయనుకున్నాను. "చాలా ధైర్యవంతులు మేడమ్" అన్నాడాయన. ఫస్టు క్లాసు వచ్చినంత సంబరపడ్డాను.

ఆ రోజు మార్కెట్టులో టమాటా కాయ అమ్మి మా ఇంటికొచ్చిన వదిన, కాగితం లాక్కుంది.

"ఇదే మాట నన్నడుగప్పా."

అడిగాడు.

"ఇయాల బాక్సుకు మంచి రేటొచ్చింది. ఇంకా పెడతా, రాసుకో. పోయిన నెల రేటు లేక కాయంతా రోడ్డు పక్కన పారబోసి వస్తి. ఆ పొద్దు అడిగింటే నిన్ను గేటు దాటనిచ్చేదాన్ని కాదు. యా పొద్దు చెప్పింది నిజమంటావు?"

"కాగితంలో ఒక్కటే రాయాలమ్మా."

"ఈమె దుడ్డు పోతే నీదేమన్నా పోతాదా?"

ఆయన కాగితం వైపు చూశాడు. వదిన నా వైపు తిరిగింది. "నీకు మార్కులేస్తాండారనుకుంటివా మే? రేపు నీ దుడ్డు పోతే, ఓర్చుకుంటానంటివి కదా అని నీ సంతకమే నీకు సూపిస్తారు."

డబ్బు బ్యాంకులోనే ఉంచాను. దానిమీదే ఈ రోజుకీ తింటున్నాను. అది తన చలవేనని వదినకు చెప్పడానికి మాత్రం నాకు రెండేళ్లు పట్టింది. చెబితే, "యాల చెప్తాండావు, ఏం కావాల నీకు?" అంది.

పోవడానికి రెండు రోజుల ముందు ఆసుపత్రిలో ఆమె పక్కనే కూర్చున్నాను. నర్సు వచ్చి, నొప్పి పదిలో ఎంతుందని అడిగింది.

వదిన ఆమె చేతిలోని కాగితం వైపు చూసింది. "ఎక్కువ చెప్తే ఏం చేస్తావమ్మా?"

"డాక్టరుకు చెబుతాను. ఇంకో సూది వేస్తారు."

"మూడు" అంది వదిన.

నేను నోరు తెరవబోతే కళ్లతోనే ఆపింది. నర్సు మూడని రాసుకుని వెళ్లింది. దుప్పటి కింద నా మణికట్టు చుట్టూ వదిన వేళ్లు బిగుసుకునే ఉన్నాయి.