బండకు అట్ట పెట్టిన షికారీ

మర్కూక్ దగ్గర మా మక్కజొన్న చేను మీద ఈ వానాకాలం అడవి పందులు పడ్డాయి. విత్తనం వేసిన తారీఖు, కంకి పాలు పట్టిన తారీఖు నాకు నోటికి ఉంటాయి. అప్పటికి ఇంకో మూడు వారాలు కాపాడుకుంటే పంట చేతికి వచ్చేది. అందుకోసమే మా మరిది కొడుకు హైదరాబాదు నుంచి ఒక షికారీని పిలుచుకొచ్చాడు. పందులను కొట్టడానికి అతని దగ్గర అనుమతి కాగితం ఉంది. విదేశంలో దుప్పులను కొట్టి వచ్చానని కారు దిగుతూనే చెప్పాడు.

నేను కాదనలేదు. పందులు పోవాలని నాకంటే ఎక్కువ ఎవరు కోరుకుంటారు? అయితే చేనులోకి దిగే ముందు, వెలుగుండగానే ఒకసారి గురి చూసుకోమని అడిగాను. అతను నవ్వి, ఒక అట్టముక్క తీసుకుపోయి చేను చివరి పెద్ద బండకు ఆనించాడు.

అది చూడగానే నాకు మా బాపు గుర్తొచ్చాడు. మా బాపుకు పంట కాపలా కోసం లైసెన్సు తుపాకి ఉండేది. ఆయన అట్టను ఎప్పుడూ మట్టిగట్టుకే పెట్టేవాడు. మట్టి తూటాను మింగేస్తుంది. రాయి తిప్పికొడుతుంది, అదీ ఎటు కొడుతుందో ఎవరూ చెప్పలేరు. పైగా ఆయన ఆ గట్టు ఎక్కి దిగి, రొప్పుకుంటూ, నిలబడి కాల్చేవాడు. "మనం దమ్ము తీసుకునేదాక పంది ఆగుతదా?" అనేవాడు.

"బండకు వద్దు, గట్టుకు పెట్టు. పక్క చేన్ల మనుషులున్నరు" అన్నాను.

"బండను మించిన అడ్డం ఉంటదా పెద్దమ్మా? నువ్వు గీడ కూసోని చాయ్ తాగు" అన్నాడు మరిది కొడుకు.

షికారీ కారు బానెట్ మీద దిండు వేసి, దాని మీద తుపాకి ఆనించి రెండుసార్లు కాల్చాడు. రెండూ అట్ట మధ్యలోనే పడ్డాయి. మరిది కొడుకు ఈల వేశాడు.

"మక్క చేన్ల కారు తెస్తవా, దిండు తెస్తవా? నిలబడి కొట్టు" అన్నాను.

అతనికి కోపం వచ్చింది. నిలబడి కాల్చాడు. అట్ట కదలలేదు. బండ దగ్గర నుంచి కీచుమని ఒక శబ్దం లేచి మా పక్క నుంచే పోయింది. పక్క పత్తి చేనులో కలుపు తీస్తున్న ఆడవాళ్లు కేకలు పెట్టారు. వాళ్ల నీళ్ల డ్రమ్ముకు చిల్లు పడింది. ఒకామె అప్పుడే చెంబు ముంచుకొని పక్కకు జరిగిందట.

మరిది కొడుకు ముందు డ్రమ్మును చూశాడు. "గింతదానికి లొల్లెందుకు పెద్దమ్మా, కొత్తది కొనిస్త" అన్నాడు.

"డ్రమ్ము ఎవడడిగిండురా? తలకాయ అయితే ఏ దుకాణంల తెస్తవ్?"

చెంబు పట్టుకున్నామె అందుకుంది. "పందులకైతే కాగితం తెచ్చిండు. మమ్ముల కొట్టనీకి గూడ ఉన్నదా సారూ?" అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వకుండా డ్రమ్ము చిల్లుకు గుడ్డ కుక్కింది.

"నా తప్పేం లేదు, రాయి తప్పు" అన్నాడు షికారీ. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. వద్దన్నా అట్టను రాయికి పెట్టింది ఎవరు?

మనుషులు లేనప్పుడు, మట్టిగట్టుకు అట్ట పెట్టి, నిలబడి వరుసగా అయిదు కొట్టి చూపించమన్నాను. అప్పుడు నేనే చేనులోకి తోలుకుపోతానన్నాను. అంత తీరిక లేదన్నాడు. అయితే నా చేనులో అడుగు పెట్టొద్దన్నాను. కారు వెనక్కి తిరిగింది.

పందులు మాత్రం తిరిగిపోలేదు. కోత నాటికి సగం చేను నేలకు ఒరిగింది. మొన్న చుట్టాల ఇంట్లో భోజనాల బంతిలో అందరి ముందు మరిది కొడుకు, "మా పెద్దమ్మ మక్క పండియ్యలే, పందులను మేపింది" అన్నాడు. అందరూ నవ్వారు.

"సగం తిన్నయిరా. మనుషులైతే అందరున్నరు, పోయి లెక్క పెట్టుకో" అన్నాను.

అతను తల దించుకొని పప్పు వడ్డించమన్నాడు.